చివరి వరుసలో గైడ్

2023 జూన్ నెలాఖరున నేను రిటైరయ్యాను. సికింద్రాబాద్‌లోని ఒక కాలేజీలో, జియాలజీ డిపార్ట్‌మెంట్‌లో, ముప్పై ఏళ్లకు పైగా రాళ్ల గురించీ వాటి కింది నీళ్ల గురించీ పాఠాలు చెప్పాను. ఆ చివరి రోజు కాలేజీకి వెళ్లడానికి మారేడ్‌పల్లిలో ఆటో ఎక్కినప్పుడు నా దిగులంతా ఉద్యోగం గురించి కాదు, స్వరూప గురించి.

స్వరూప నా దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయి. పొద్దున జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పుకుని, మధ్యాహ్నం రీసెర్చికి వచ్చేది. తను ఉండే బొల్లారం చుట్టుపక్కల బోరుబావుల్లో నీటిమట్టం ఎప్పుడు, ఎంత పెరుగుతుందో చూడటం ఆమె పని. దానికి వాటర్ లెవెల్ ఇండికేటర్ అని ఒక పొడవాటి టేపు ఉంటుంది. బోరులోకి దించితే దాని కొస నీళ్లకు తగలగానే బీప్‌మంటుంది. ఆ టేపు భుజాన వేసుకుని, "అమ్మా, మీ బోరు మూత జెర తీయనిస్తరా?" అని నాలుగేళ్లు ఇల్లిల్లూ తిరిగింది. మున్సిపాలిటీ మనిషనుకుని తలుపులు మూసుకున్నవాళ్లూ ఉన్నారు.

తీరా థీసిస్ రాయబోయే వేళకు నాకు వయసు మీరింది. గైడ్ రిటైరైతే, స్కాలర్‌ను సర్వీసులో ఉన్న మరొకరికి అప్పగించాలన్నది మా దగ్గర రూలు. మా డిపార్ట్‌మెంట్‌లో ఇంకో స్కాలర్‌ను తీసుకునే వీలున్నది ఒక్క నరసింగరావు గారికే.

ఆయనకూ నాకూ టీ దగ్గర స్నేహం, సబ్జెక్టు దగ్గర పేచీ. వాన ఎక్కడ పడితే అక్కడే ఇంకి, కింది బావిలోకి దిగుతుందని నేను. మన గ్రానైట్ రాతిలో నీళ్లు పగుళ్లు పట్టుకుని ఎక్కడెక్కడి నుంచో వస్తాయని ఆయన. స్వరూప పనంతా నా దారిలోనే నడిచింది. అదీ ఆమె భయం.

ఫంక్షన్‌కు ముందు స్టాఫ్ రూములో నన్ను పట్టుకుంది. "మేడం, సార్ ఇదంత పక్కకు పెట్టి మల్ల షురూ చెయ్యమంటే నా గతి ఏంది? ఇంట్ల ఇప్పటికే ఇంకెన్ని రోజులు అంటున్నరు. మల్ల నాలుగేండ్లంటే నాతోని కాదు. మానేస్త."

"ఆయన మంచివాడేనమ్మా" అన్నాను. మంచితనానికీ దీనికీ సంబంధం లేదని ఇద్దరికీ తెలుసు.

సన్మాన సభ సెమినార్ హాల్లో జరిగింది. ఫ్లెక్సీ మీద ఎప్పటిదో నల్లజుట్టు ఫోటో. ఉక్కపోతలో శాలువా మీద శాలువా. నాకు కోపమంటే ఏమిటో తెలియదని ప్రిన్సిపాల్ గారు అన్నప్పుడు వెనక కూర్చున్న పిల్లలు గొల్లున నవ్వారు. ఇలాంటి సభల్లో మనిషి గురించి నిజం చెప్పడం మర్యాద కాదు కాబట్టి నేనూ నవ్వి ఊరుకున్నాను.

చివర్లో నా స్పందన. అందరికీ పేరు పేరునా కృతజ్ఞతలు చెప్పి, కాస్త కళ్లు ఒత్తుకుని కూర్చోవడం ఆనవాయితీ. నేనూ అంతే అనుకుని లేచాను. కానీ తలుపు దగ్గర స్వరూప నిలబడి ఉంది. ఫలహారం ప్లేట్లు సర్దుతున్నట్టు నటిస్తూ నావైపే చూస్తోంది. దాంతో అనుకున్న మాటలు నోటికి రాలేదు.

"రావు గారూ, మా స్వరూపను మీ చేతుల్లో పెడుతున్నాను. ఆ పిల్ల పని వృథా కానివ్వకండి. ఇదొక్కటే నా కోరిక" అని మైకులోనే అడిగేశాను.

మెడలో దండ ఉన్న మనిషిని ఎవరు కాదంటారు? ఆ ధైర్యంతోనే అడిగాను. నరసింగరావు గారు మెల్లగా వచ్చి మైకు అందుకున్నారు.

"మేడం అడిగినంక కాదంటనా? ఆమె కొలిచిన కొలతలల్ల ఒక్కటి సుత పోనియ్య. గని ఒక్క మాట మేడం. ఇయ్యాల్టి సంది ఆమె నా స్టూడెంట్. మీరు మల్ల నడుమల రావొద్దు."

అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. "సరే" అన్నాను. కాలేజీ వాళ్లు నన్ను దండతోనే కారులో ఇంటి దాకా దిగబెట్టి, ఫోటోలు దిగి వెళ్లారు.

ఆ "సరే" ఎంత బరువో తర్వాత తెలిసింది. వానాకాలం పోయాక స్వరూప ఫోన్ చేసింది. "మేడం, సార్ నాలుగో చాప్టర్ మల్ల చూడుమంటున్నరు. వాన పడని కాడ సుత నీళ్లెట్ల పెరిగినయ్ అంటున్నరు. మీరేమంటరు?"

నా దగ్గర చెప్పడానికి గంటసేపటి మాటలున్నాయి. "సార్‌నే అడుగు తల్లీ" అన్నాను.

"కోపమొచ్చిందా మేడం?"

"లేదమ్మా" అని పెట్టేశాను. పెట్టేశాక ఏడ్చాను. పాఠం చెప్పగలిగి చెప్పకుండా ఉండటం నాకదే మొదటిసారి.

మరుసటి ఏడాది ఆమె వైవా. వేరే యూనివర్సిటీ నుంచి వచ్చిన పరీక్షకుడు అందరి ముందూ అడిగే ఆఖరి పరీక్ష అది, ఎవరైనా వచ్చి వినొచ్చు. వెళ్లి చివరి వరుసలో కూర్చున్నాను. పరీక్షకుడు సూటిగా నాలుగో చాప్టర్ తీశారు. "ఈ బావుల్లో నీళ్లు పైన పడిన వానవేనా?"

స్వరూప ఒక్క క్షణం నావైపు చూసింది. నేను నేల చూశాను.

"మొదట మేడం, నేను ఇద్దరం అట్లనే అనుకున్నం సార్. కొన్ని బావులకు అది నిజమే. ఈ తూర్పు దిక్కు బావులు మాత్రం అట్ల చెప్తలేవు" అంది. దూరపు చెరువు నిండాక, చుక్క వాన పడకపోయినా రాతి పగులు వెంట వచ్చి ఆ బోర్లలో నీరు లేచిన వైనం తన కొలతలతోనే చూపించింది.

గుండెలో కలుక్కుమంది. కాదనను. అంతలోనే ఆ పిల్ల వెనక్కి చూడకుండా బోర్డు మీద గీస్తుంటే గర్వంతో ఒళ్లు పులకరించింది. ఆ రెండూ ఒక్కసారే ఉండగలవని అరవై దాటాక నేర్చుకున్నాను.

పరీక్షకుడు తృప్తిగా తల పంకించి, సభలో ఎవరైనా అడుగుతారా అన్నారు. నరసింగరావు గారు వెనక్కి తిరిగారు. "మేడం, ఇప్పుడు నడుమల రావొచ్చు. అడుగుండ్రి."

లేచాను. నా సర్వీసంతా జవాబు తెలిసిన ప్రశ్నలే అడిగాను, అదే నా ఉద్యోగం. ఇప్పుడు నాకు నిజంగా తెలియనిది ఒకటుంది.

"మరి ఆ పగులు చెరువు దాకా ఉందని నీకెలా తెలిసింది?"

స్వరూప మళ్లీ బోర్డు దగ్గరికి వెళ్లి, గీస్తూ గబగబా చెప్పింది. నాకు సగమే అర్థమైంది.

"ఇంకోసారి చెప్పమ్మా, నెమ్మదిగా" అన్నాను.