కరుణ పిన్ని, కత్తెర్లు, ఆదివారం వాక్యం

నిన్న పొద్దున్న స్కూల్‌కి బయల్దేరుతుంటే అమ్మ ఫోన్ చేసింది. "కరుణ పోయిందే" అంది.

"ఏ కరుణ?" అని అడిగాను.

నిజంగానే అడిగాను. మా చుట్టాలందరిలో ఆ పేరున్న మనిషి ఒక్కతే. నా పిన్ని. మొన్న ఆదివారం చర్చిలో పక్కపక్కనే కూర్చున్నాం.

గుండెపోటట. టీ పెట్టుకుంటూ స్టవ్ దగ్గరే పడిపోయిందట.

నేను టీచర్‌గా చేసే యలమంచిలి నుంచి మా ఊరు నర్సీపట్నం బస్సులో వస్తున్నంతసేపూ, ఆ పేరు నాకెందుకు తట్టలేదా అనే ఆలోచన. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. కానీ మా ఇంట్లో మరుపంటే అంత భయం.

తెలియనివాళ్ల కోసం... పిన్ని మా ఊరి కాలేజీలో జువాలజీ లెక్చరర్. అంతకుముందు, తొంభైల్లో, వైజాగ్‌లో ఒక ల్యాబ్‌లో రీసెర్చ్ చేసేది. మెదడులో ఉండే ఎంజైముల మీద. అమ్మమ్మకి మతిమరుపు జబ్బు ముదిరాక అన్నీ సగంలో వదిలేసి వచ్చేసింది.

నాకు పద్నాలుగేళ్లప్పుడు, ఒకరోజు చేపలు కోస్తూ చెప్పింది.

"మెదడులో చిన్న చిన్న ప్రోటీన్ ముక్కలు పుడతానే ఉంటాయే. పెప్టైడ్లంటారు. కొన్ని పనికొస్తాయి, కొన్ని వట్టి సెత్త. ఆ సెత్తని కత్తిరించి పారేసే కత్తెర్లే ఈ ఎంజైములు. కత్తెర్లు మొద్దుబారితే సెత్త పేరుకుపోద్ది. మీ అమ్మమ్మకి అదే అయ్యుంటాదని నా అనుమానం."

నా బుర్రకి ఎక్కింది ఎంజైమ్ అన్న ఒక్క ముక్కే.

మర్నాడే మెడికల్ షాపుకెళ్లి అరుగుదలకి తాగే సిరప్ కొన్నాను. సీసా మీద ఎంజైమ్ అని ఉంది కదా! వారం రోజులు ఎవరికీ చెప్పకుండా అమ్మమ్మ చేత తాగించాను. తియ్యగా ఉందని ఆవిడ ఇంకా పొయ్యమనేది. ఒకరోజు నన్ను పేరు పెట్టి పిలిచింది కూడా.

పరుగెత్తుకెళ్లి పిన్నికి అంతా చెప్పేశాను.

తిడుతుందనుకున్నా. సీసా తీసుకుని లేబుల్ మొత్తం చదివింది. "ఇది కడుపులో పనిసేస్తాదే. మెదడు దాకా ఎల్లదు. మళ్లీ నాకు సెప్పకుండా ఏ మందూ పొయ్యకు" అంది.

"మరి నన్ను పేరెట్టి పిలిసింది గదా?"

"పిలిసింది. కాయితం మీద రాసుకో. రేపు పిలవకపోతే అదీ రాసుకో. నువ్వు కోరుకున్నది రాయకు, సూసింది రాయి."

మర్నాడు అమ్మమ్మ పిలవలేదు. రాసుకున్నాను. ఏడుస్తూనే రాసుకున్నాను.

అమ్మమ్మ పోయాక పిన్నికి సుగర్ వచ్చింది. ఇన్సులిన్‌ని కత్తిరించే ఎంజైమే మెదడులోని ఆ చెత్తనీ కత్తిరిస్తుందని ఎక్కడో చదివింది. "ఒక్క కత్తెర, రెండు పనులు. ఇన్సులిన్‌తోనే సరిపోతే రెండో పని ఎవరు సేస్తారే?" అని నవ్వేది. ఇంకా తేలలేదులే అని తనే అనేది. కానీ తాళం ఎక్కడ పెట్టిందో గుర్తు రాకపోతే చాలు, ముఖంలో నెత్తురుచుక్క ఉండేది కాదు.

ఒకసారి నా చెయ్యి పట్టుకుంది. "అమ్మకి మొదలైనప్పుడు మేమందరం సూసీ సూడనట్టు ఊరుకున్నాం. నాకు మొదలైతే నువ్వు మొహమ్మీదే సెప్పెయ్యాలి. మాటియ్యి."

ఇచ్చాను.

మా చర్చిలో సండే స్కూల్ పిల్లలకి వారానికో కంఠత వాక్యం ఇస్తారు. యాభైకి దగ్గరపడిన మనిషి, ఆ పిల్లల వాక్యమే నేర్చుకునేది. ఆరాధన అయ్యాక వరండాలో నాకు అప్పజెప్పేది. నేను బైబిల్ తెరిచి చూసి చెప్పాలి. ఆవిడ నోట్‌బుక్‌లో తారీఖు వేసి, పక్కన రైటో తప్పో రాసుకునేది. ల్యాబ్ వదిలినా ఆ అలవాటు వదల్లేదు.

ఈమధ్య ఒక ఆదివారం మధ్యలో ఒక మాట జారింది.

గబుక్కున బైబిల్ మూసేశాను. "కరెక్టే పిన్నీ" అన్నాను.

తర్వాతి వారం రెండు మాటలు. "కరెక్టే."

మొన్న ఏకంగా ఒక లైనే ఎగిరిపోయింది. "కరెక్టే, పద బేగి, బస్సు తప్పిపోద్ది" అన్నాను. పిన్ని నా వైపే కాసేపు చూసింది. పెన్ను తియ్యకుండానే నోట్‌బుక్ సంచిలో పెట్టేసుకుంది.

నిజం చెప్పుంటే డాక్టర్ దగ్గరికి వెళ్లేదేమో. సుగర్ ఎక్కువై తడబడిందేమో. అసలది గుండెకి ముందు హెచ్చరికేమో. ఏమీ కాదేమో కూడా. నిన్నటి నుంచి బుర్రలో ఇవే తిరుగుతున్నాయి. మధ్యమధ్యలో నా స్టూడెంట్ల పేర్లు వరసగా చెప్పుకుని చూసుకుంటున్నాను.

ఇవాళ సమాధి దగ్గర్నుంచి వచ్చాక ఆ నోట్‌బుక్ తీశాను.

చివరి మూడు ఆదివారాలకీ, మొదటి రెండిట్లో రైటు కొట్టేసి మరీ, తప్పు అనే రాసుంది.

మొన్నటి తారీఖు కింద పిన్ని చేతిరాత: "ఒక లైను పోయింది. ఇంటికొచ్చి బైబిల్‌లో చూసుకున్నాను. పిల్ల మాత్రం కరెక్టే అంది. పాపం, భయపడిపోతోంది. ఇక దాన్ని అడగకూడదు."

పిన్నీ, ఇచ్చిన మాట ఆలస్యంగా చెల్లిస్తున్నాను.

తప్పు చెప్పావు. మూడుసార్లూ తప్పే చెప్పావు. నేను చూశాను.

ఇక నీకు ఏ వాక్యం అప్పజెప్పే పనీ లేదు. భయం లేకుండా పడుకో. ప్రభువు నీకు నెమ్మది ఇవ్వాలి.