ఫలితాల రోజు మా మెషీన్

మీటింగులో ఆ మాట అన్నది నేనే. బల్ల గుద్ది మరీ అన్నాను. "మన మెషీన్ తట్టుకుంటుంది సార్. పూచీ నాది."

వైట్‌ఫీల్డ్‌లోని మా ఆఫీసులో నల్లటి సర్వర్ ఒకటుండేది. దొడ్డబళ్ళాపురం పట్టు మిల్లుల ఆర్డర్లన్నీ దాని మీదే నడిచేవి. ఏడేళ్ళుగా దాన్ని చూసుకోవడమే నా ఉద్యోగం, అది తప్ప నాకింకో పని రాదు. ఆ ఏడాది ఒక పరీక్షల సంస్థ తన ఫలితాలను ఇంటర్నెట్‌లో పెట్టే పని మాకిచ్చింది. కొత్తగా చేరిన ఇంజనీర్లు, ఇది వ్యాపారాలకు సరిపోతుంది గానీ ఊరంతా వచ్చి పడితే చాలదు, చిన్న సర్వర్లు ఓ పది కొందామన్నారు. నాకు ఒళ్ళు మండింది. నిన్న మొన్న వచ్చినవాళ్ళా నా మెషీన్‌కి వంక పెట్టేది!

"సరే, మీ మాట మీదే వెళ్దాం," అన్నారు మేనేజర్. "ప్రాబ్లమ్ వస్తే మాత్రం ఆ మెషీన్ ఉండదు. మీ సంగతీ ఆలోచించాల్సి వస్తుంది."

మెషీన్‌ని పరీక్షించడానికి మిల్లుల్లోని గుమస్తాలందరినీ ఒకేసారి ఎంటర్ నొక్కమన్నాం. మెషీన్ చెక్కుచెదరలేదు. అక్కడే నేను పప్పులో కాలేశాను. వాళ్ళ పాతకాలపు పచ్చక్షరాల కంప్యూటర్ తెరల మీద ఒకసారి నొక్కితే, జవాబు వచ్చేదాకా కీబోర్డు పనిచేయదు. ఎంత తొందరున్నా చేతులు కట్టుకుని కూర్చోవాల్సిందే. ఏడేళ్ళుగా నా మెషీన్ చూసింది అలాంటి బుద్ధిమంతులనే.

ఫలితాల రోజు పదకొండింటికి సైటు తెరిచాం. పది నిమిషాలు బాగానే ఉంది. తర్వాత పేజీ రావడానికి అరనిమిషం, ఆపైన రెండు నిమిషాలు.  మెషీన్ బతికుందా, పోయిందా? నా సీట్లోంచి సైటు తెరిచి చూశాను. రాలేదు. మళ్ళీ నొక్కాను. ఫోన్లు మోగుతున్నాయి, తల్లిదండ్రులు తిడుతున్నారు, మిల్లుల్లో సరుకు కదలడం లేదని అక్కడివాళ్ళు అరుస్తున్నారు. నేను ఒక చేత్తో ఫోను పట్టుకుని, రెండో చేత్తో నొక్కుతూనే ఉన్నాను. దేవుడా, ఈ ఒక్క పూట గట్టెక్కించు!

మా ఆపరేటర్ తాతల నాటి నుంచీ బెంగళూరు మనిషి, నాకంటే పెద్దవాడు. నా వెనకొచ్చి నిలబడ్డాడు. "సుమ్నే ఉండప్పా, ఊరికే నొక్కొద్దు! అది పనిచేస్తానే ఉండాది. ముందు అడిగినోళ్ళకే జవాబు ఇయ్యలేదు, జనం మళ్ళా మళ్ళా అడుగుతా ఉండారు. ఒగ మనిషి పదిసార్లు నొక్కితే దానికి పది మంది లెక్క."

"జనానికి ఓపిక లేకపోతే మెషీన్ ఏం చేస్తుందన్నా?" అని కసిరాను. కసురుతూ ఇంకోసారి నొక్కాను.

మధ్యాహ్నం మూడింటికి గానీ సైటు తేరుకోలేదు. ఎక్కడెక్కడి నుంచి ఎన్నిసార్లు అడిగారో జాబితా తెమ్మన్నారు మేనేజర్. హమ్మయ్య, తప్పు జనానిదేనని చూపించవచ్చు అనుకున్నాను. తీరా జాబితా తీస్తే, సైబర్ కేఫ్‌లన్నిటినీ దాటి మొదటి వరసలో ఉన్నది నా కంప్యూటరే. 

"ఆ వరస తీసేయప్పా, ఎవురు చూస్తారు?" అన్నాడు ఆపరేటర్ మెల్లగా.

తీసేద్దామనే కీ మీద వేలు పెట్టాను. చేయి రాలేదు. ఉన్నదున్నట్టే ప్రింటు తీసి మేనేజర్ చేతికిచ్చాను.

ఆయన మొదటి వరస మీద వేలు పెట్టారు. "ఇదెవరిది?"

"నాదే సార్."

ఆయన కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. కాగితం మడిచి బల్ల మీద పెట్టి, "అయితే మీ మెషీన్ మీద మీకే నమ్మకం లేదన్నమాట," అన్నారు.