బోల్టు చెవి మీది మసి

నా చిన్నప్పుడు కామారెడ్డిలో మా పెద్దబాపుకు, అంటే నాన్న అన్నగారికి, తుపాకులు బాగుచేసే లైసెన్సు దుకాణం ఉండేది. అడవిపందుల బాధ పడలేక తుపాకీ తీసుకున్న రైతులు లింగంపేట నుంచి, పిట్లం నుంచి వచ్చేవారు. అమ్మ పొద్దంతా బీడీలు చుడుతూ ఉండేది కాబట్టి, బడి వదలగానే నేను ఆ దుకాణంలో చేరేదాన్ని. కనబడిన ఇత్తడి, ఇనుము ఏదైనా తళతళలాడేదాకా తోమడం నా వ్యాపకం. ఎవరూ అడగకపోయినా తోమేదాన్ని.

ఒక వానాకాలం ఎల్లారెడ్డి ఊరి నుంచి, పటాలంలో పనిచేసి వచ్చిన ఒక సుబేదారు రెండు పాత రైఫిళ్లు తెచ్చాడు. గురి పోటీలకు వెళ్లే కొడుకు కోసం కొత్త రైఫిల్ చేయించాలని ఆయన కోరిక. గొట్టం కొత్తది, భుజానికి ఆనించే కర్ర కొత్తది. వాటికి ఆధారమయ్యే యాక్షన్ మాత్రం ఈ రెండింట్లో ఒకదాని నుంచి తీసుకోవాలి. యాక్షన్ అంటే తూటా వెనక తలుపులా మూసుకునే బోల్టు, అది కూర్చునే ఉక్కు గూడు. బోల్టు ముందు భాగాన రెండు చెవులుంటాయి. తూటా పేలినప్పుడు వెనక్కి తన్నే దెబ్బంతా ఆ చెవులే ఆపాలి. వాటి వెనక ఉండేది కాల్చేవాడి ముఖం.

తెచ్చిన వాటిలో ఒకటి నిగనిగలాడేది, దాని బోల్టు నూనె పోసినట్టు జారేది. రెండోది తుప్పు మరకలతో, ఎండిన బండి ఇరుసులా కిర్రుమనేది. పెద్దబాపు దీపం వెలిగించి, రెండు బోల్టుల చెవులకూ మసి పట్టించి, గూళ్లలో మూసి తెరిచాడు. చెవి గట్టిగా ఆనిన చోట మసి చెరిగిపోవాలి. నిగనిగలాడే దానిలో ఒక చెవి నల్లగానే మిగిలింది. తుప్పుదానిలో రెండు చెవుల మీదా మసి సమానంగా చెరిగింది. మొదటిది పైన పటారం, లోన లొటారం అని తేల్చి, ఆయన తుప్పుదాన్నే ఎంచాడు. సుబేదారుకు మనసొప్పలేదు. ఇంత గరుకుదానితో తన కొడుకు ఏం గురి కొడతాడని సణిగాడు. నాలుగు రోజుల్లో మళ్లీ వచ్చి చూస్తానని, అప్పుడూ నచ్చకపోతే పని హైదరాబాదులో ఇచ్చుకుంటానని చెప్పి వెళ్లాడు.

పెద్దబాపు మాట ఎక్కడ చిన్నబోతుందోనని నాకు బెంగ పట్టుకుంది. ఆయన అన్నం తిని కునుకు తీసే వేళ, రెండు మధ్యాహ్నాలు, బల్ల మీద విప్పి పెట్టిన ఆ తుప్పుదాని బోల్టు చెవులను నునుపెక్కేదాకా ఉప్పుకాగితంతో రుద్దాను. కుడిచేతికి అనువుగా అందిన చెవినే ఎక్కువ రుద్దుతున్నానని నాకు తట్టలేదు. నా అంత తెలివైనది కామారెడ్డిలో లేదనుకున్నాను.

సుబేదారు వచ్చి బోల్టు తోసి చూశాడు. ఆయన ముఖం విప్పారింది. పని మొదలుపెట్టమన్నాడు. పెద్దబాపు మాత్రం నవ్వలేదు. తాను చెయ్యి పెట్టని ఇనుము ఎలా నునుపెక్కిందో ఆయనకు అర్థం కాలేదు. మళ్లీ దీపం వెలిగించి మసి పట్టించాడు. ఈసారి ఇందులోనూ ఒక చెవి నల్లగా మిగిలింది. ఆయన చూపు దాని మీద నుంచి నా వేళ్ల మీదికి వచ్చింది. నా గోళ్ల నిండా ఇనుప మురికి. చేతులు వెనక్కి దాచుకున్నాను.

ఆయన ఊరుకుని ఉంటే అడిగేవాడు లేడు.

"సుబేదార్ సాబ్, ఇది గూడ పనికి రాదు. ఎక్కువ నూరిన. నా చెయ్యి జారింది," అన్నాడు.

"నీ మీద నమ్మకంతోని ఇచ్చిన మేస్త్రీ," అని సుబేదారు రెండు రైఫిళ్లూ తీసుకుని వెళ్లిపోయాడు. ఆ ఏడు ఆయన కొడుకు పోటీలకు వెళ్లలేకపోయాడని తరువాత తెలిసింది.

దెబ్బలు ఖాయమనుకుని మూలన నిలబడ్డాను. పెద్దబాపు నన్ను దగ్గరికి పిలిచి, కిరసనాయిలు గుడ్డతో నా వేళ్లు ఒక్కొక్కటే తుడిచాడు. "గరుకుంటే ఉండనియ్యి బిడ్డా. తాకాల్సిన కాడ తాకాలె," అన్నాడు. ఆ సంగతి మళ్లీ ఎన్నడూ ఎత్తలేదు. మా అమ్మకు కూడా చెప్పలేదు.

ఏళ్ల తరువాత నా పెళ్లి భోజనాలకు సుబేదారు వచ్చాడు. మేస్త్రీ మంచి పనివాడేగానీ తన విషయంలోనే చెయ్యి జారిందని, పంక్తిలో పక్కవాళ్లకు నవ్వుతూ చెప్పాడు. పప్పు వడ్డిస్తున్న పెద్దబాపు అవునన్నట్టు తలూపి ముందుకు కదిలాడు. నేను నాలుగడుగుల దూరంలో ఉన్నాను. నిజం నోటిదాకా వచ్చింది. పెళ్లికూతురిని కదా అని ఒక వంక వెతుక్కుని మింగేశాను.

ఇప్పుడు వాళ్లిద్దరూ లేరు. నా సిగ్గు మాత్రం ఉంది. మా వైపు పెద్దవాళ్లు ఇప్పటికీ పెద్దబాపు పనితనాన్ని మెచ్చుకుని, చివర్లో ఆ ఒక్క జారిన చెయ్యి ముచ్చట కలుపుతారు. వాళ్లు చదువుతారనే ఇది రాస్తున్నాను. ఆ బోల్టు చెవిని అరగదీసింది మా పెద్దబాపు కాదు, నేను.