ధనశ్రీ చెప్పిన వద్దు

మా మందుల షాపు పైగదిలో దేముడమ్మ మాటలు రాని పిల్లలకు థెరపీ చేస్తుంది. బోర్డు మీద కూడా ఆ పేరే ఉంటుంది. ఇల్లుగలవాణ్ని కదా, ఊరుకోలేక స్టైలుగా ఏదైనా పేరు పెట్టుకోమ్మా అని సలహా పారేశాను. "నా పేరుకే నేను సిగ్గుపడితే, ఆళ్ల పిల్లల్ని సూసి సిగ్గుపడొద్దని తల్లిదండ్రులకి ఎలా సెప్తానండి?" అంది.

ఆమెది కోటవురట్ల దగ్గర పల్లె. చెరకు రైతు కూతురు. చిన్నప్పుడు ఎడమచేత్తో అన్నం తింటోందని నాయనమ్మ అట్లకాడ కాల్చి ఆ చేతి మీద వాత పెట్టిందట. కుడిచెయ్యి అలవాటైంది గానీ వాత పోలేదు. అలాంటి మనిషి ఏరికోరి మా అనకాపల్లిలో ఈ పని పెట్టుకుంది. మా ఊరికి బెల్లం తియ్యగా ఉండాలి, పిల్లలు కుదురుగా ఉండాలి. మిగతాదంతా మాకనవసరం.

ధనరాజ్‌ది బెల్లం మార్కెట్లో కమీషన్ వ్యాపారం. నన్ను బావా అంటాడు. వాడి కూతురు ధనశ్రీకి ఎనిమిదేళ్లొచ్చినా మాటలు రాలేదు. సంతోషమొస్తే రెండు చేతులూ గాల్లో ఆడించేది. ఇష్టంలేని పని చేయిస్తే కరిచేది. కూతురంటే వాడికి ప్రాణం, కాదనను. ఎండ తగలకుండా తన తువ్వాలు నెత్తిన కప్పి బండి మీద దేముడమ్మ దగ్గరకు తెచ్చేవాడు.

"ముందు ఆ సేతులాడించడం మాన్పించండి మేడమ్. నలుగురిలో తలెత్తుకోలేకపోతన్నాం" అన్నాడు మొదటిరోజే.

"అది ఆ పాప నవ్వండి. నవ్వు మాన్పించడం నావల్ల కాదు" అంది దేముడమ్మ.

ఆ పిల్లకు ఆమె నేర్పిన మొదటి సంగతి, అరచెయ్యి ముందుకు చాపడం. అంటే వద్దు అని. పిల్ల చెయ్యి చాపితే ఎంత మంచి ఆటైనా అక్కడికక్కడ ఆపేసేది. మనం ఆగకపోతే ఆ చేతికి విలువేముంటుందనేది. నెలలు పట్టింది. ఒకరోజు ఫ్యాను చూద్దామని నేను పైకి వెళితే, గుమ్మంలోనే ధనశ్రీ నాకు అరచెయ్యి చూపించింది. నా ఇంట్లో నాకే! నవ్వుకుంటూ వెనక్కి తిరిగాను. అంత పెద్దమనిషిని తను ఆపగలిగిందని ఆ పిల్ల చేతులు ఆడించిన ఆడింపు ఇప్పటికీ నా కళ్లలో ఉంది. అప్పటినుంచి కరవడం మానేసింది.

మా ఊరు దానికి సంతోషించాలి కదా? మేనత్త ముద్దుపెట్టుకోబోతే పిల్ల అరచెయ్యి చూపించిందని ధనరాజ్ ఇంట్లో రభస అయింది. మర్నాడే మా మెట్ల మీద పంచాయితీ.

"ఏటి మేడమ్ ఇది? మాటలు నేర్పమంటే మొండితనం నేర్పేరా? మా అప్ప ఏడిసెళ్లిపోయింది."

"మాటే నేర్చుకుందండి. కొన్నాళ్లాగండి, కావాలి అనడం కూడా వత్తాది."

"ఆడపిల్ల, అందులోనూ ఇలాంటి పిల్ల! అణిగి ఉండాలా వద్దా?"

"ఇలాంటి పిల్లకే ముందు వద్దనడం రావాలండి. రేపెవడైనా సెయ్యేస్తే నోరెత్తి అరవలేదు కదా."

వాడి మొహం మాడిపోయింది. మా ఇంటి పిల్ల మీద ఎవడు సెయ్యేస్తాడని విసవిసా దిగి వెళ్లిపోయాడు. ఇంకో సెంటర్లో చేర్పించాడు. అక్కడ చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చుంటేనే బిస్కెట్టు ఇస్తారట. ఎంత మంచి చదువో!

కూతురి తర్వాతి పుట్టినరోజుకి నన్నూ దేముడమ్మనూ పిలిచాడు. మేము చూడాలనే పిలిచాడు, నాకు తెలుసు. ధనశ్రీ పట్టుపరికిణీలో కుర్చీలో కూర్చుంది, చేతులు తొడల కింద. చుట్టాలు వరసగా వచ్చి కేకు నోట్లో పెట్టి ఫొటో దిగుతున్నారు. ఆ పిల్లకు క్రీము జిగట పడదని దేముడమ్మ ఎన్నిసార్లు చెప్పిందో. పిల్ల మింగుతోంది. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. ఆనందబాష్పాలని ఎవరో అన్నారు కూడా.

"సూసేవా బావా, ఎంత కుదురొచ్చిందో!" అన్నాడు ధనరాజ్. వాడి కళ్లూ తడిగానే ఉన్నాయి. నాకు వాణ్ని కొట్టాలనిపించింది.

మేనత్త ఓ ముక్క దేముడమ్మ నోటి దగ్గరకూ తెచ్చింది. దేముడమ్మ వాత ఉన్న ఎడమచెయ్యి ఎత్తి, అరచెయ్యి ముందుకు చాపింది. మేనత్త "తినకపోతే మానీండి" అని నవ్వి తప్పుకుంది.

ధనశ్రీ ఆ చేతిని చూసింది. కుడిచెయ్యి తొడ కిందనుంచి సగం బయటికొచ్చింది. నాన్న వైపు చూసింది. చెయ్యి మళ్లీ లోపలికి పోయింది.

మేనత్త ఆ ముక్కే తెచ్చి పిల్ల ముందు పెట్టింది. పిల్ల నోరు తెరిచింది.