సకీనా వంతు

కువైట్‌లో సల్వా పేటలోని ఆ ఇంట్లో ముసలాయనకు అన్నం పెట్టడం పోలేరమ్మ పని. ఆమెది రాయచోటి దగ్గర పల్లె, జుట్టు నెరిసింది మాత్రం కువైట్ వంటిళ్లలో. దయ్యాలంటే తనకు భయం లేదని చెప్పుకుంటుంది గానీ, ఆ మాట ఎవరూ నమ్మనక్కర్లేదు.

ముసలాయన పూర్వీకులు ఎప్పుడో ఇరాన్ నుంచి పడవల్లో వచ్చినవాళ్లు. భార్య సకీనా బతికున్నన్నాళ్లూ ఆ ఇంటి తిండి అక్కడి పాతకాలపు వైద్యం ప్రకారమే నడిచింది. వేడి చేసేవి, చలవ చేసేవి పోలేరమ్మకూ తెలుసు. కానీ ఈ ఎండల్లో ఎవరికైనా మజ్జిగే ఇవ్వాలని ఆమె పట్టుదల. సకీనా ఆ గ్లాసు లాగేసుకునేది. ముసలి ఒళ్లు ఆరిపోయే పొయ్యి, దానిమీద ఇంకా నీళ్లు పోస్తావా అని కసిరేది. చేపతో పెరుగు వద్దు. ముద్దల మధ్య నీళ్లు వద్దు. బాగా నమలాలి, కడుపు నిండకముందే ఆపాలి. ఏది తప్పినా నాలుక చప్పరించేది.

రంజాన్‌కు ముందు సకీనా చనిపోయింది. ఆ చప్పరింపు మాత్రం వంటింట్లోనే ఉండిపోయింది. పెరుగు గిన్నె ముట్టుకుంటే చాలు, పోలేరమ్మకు వీపు వెనక వినిపించేది. వెనక్కి తిరగకుండానే పని కానిచ్చేది.

అంతకన్నా పెద్ద కష్టం, ముసలాయన మింగడం మానేశాడు. ముద్ద బుగ్గన పెట్టుకుని, తలుపు వైపు చూస్తూ "సకీనా" అని పిలిచేవాడు. ఇలాగే ఉంటే ఆదివారం ముక్కులో గొట్టం వేస్తామన్నాడు డాక్టరు. పీకేసుకోకుండా చేతులు కట్టాల్సి రావచ్చట. ఆయన కూతురు, అంటే పోలేరమ్మ 'మామా' అని పిలిచే యజమానురాలు, ఏడ్చి ఏడ్చి అలసిపోయింది.

"నాన్న పిలిచినప్పుడు నువ్వు పలుకు పోలేరమ్మా," అంది చివరికి. "నీ అరబ్బీ మా అమ్మ దగ్గర నేర్చుకున్నదే. నువ్వు మాట్లాడితే ఆమె మాట్లాడినట్టే ఉంటుంది."

పోలేరమ్మ డ్రైవర్ ఖలీల్ దగ్గర మొత్తుకుంది. "సచ్చినోళ్ల పేరుకు పలకగూడదు నాయినా. పలికితే వాళ్లు మన మీదికొస్తారు."

"ముసలాయన నోట్లోకి నాలుగు ముద్దలు పోతే సాలు గదక్కా," అన్నాడు ఖలీల్. "వచ్చేదేందో తర్వాత సూసుకుందాం."

శనివారం మధ్యాహ్నం ఆమె గొర్రె మాంసం, సెనగలు మెత్తగా ఉడికించి, దాల్చినచెక్క వేసి నలిపి, అందులో రొట్టె నానబెట్టి తెచ్చింది. మొదటి ముద్ద ముసలాయన బుగ్గలోనే ఆగిపోయింది.

"సకీనా," అన్నాడు.

పోలేరమ్మ మనసులోనే అమ్మవారికి దండం పెట్టుకుని అరబ్బీలో పలికింది. "ఇక్కడే ఉన్నా. నమిలి మింగు."

ఆ గొంతు తనది కాదనిపించి ఆమెకే భయమేసింది. ముసలాయన మింగాడు. మరో ముద్ద, ఇంకో ముద్ద. సగం గిన్నె ఖాళీ అయ్యాక చాలన్నాడు. గుమ్మంలో నిలబడ్డ మామా కళ్లు తుడుచుకుంది. ఇక గొట్టం అక్కర్లేదని పోలేరమ్మకూ సంతోషంతో ఏడుపొచ్చింది.

అప్పుడు ముసలాయన మిగిలిన సగం ఆమె వైపు జరిపాడు.

"ఇక నువ్వు తిను," అన్నాడు మెల్లగా. "చచ్చిపోయినప్పటి నుంచి నువ్వేమీ తినలేదు కదా."

పోలేరమ్మ వాళ్ల ఊళ్లో పెద్దల అమావాస్యకు చనిపోయినవాళ్లకు విస్తరి వేస్తారు. కాకి ముట్టేదాకా దాన్ని ఎవరూ తాకరు. ఇక్కడ ముసలాయన ఆమె నోటి వైపే చూస్తున్నాడు. తను తినకపోతే రేపు ఆయన తినడు.

ఆమె ఒక ముద్ద తీసుకుంది. అంతకుముందే కడుపు నిండా తిని ఉంది, ఆకలి లేదు. అయినా గిన్నె అడుగు కనిపించేదాకా చెయ్యి ఆగలేదు.