మరిది లారీ, మా ఆయన బస్సు

మా ఆయనకీ మా మరిదికీ పుట్టుకతోనే ఎడమ చెవి వినపడదు. మా అత్తగారికీ అంతే. ఇల్లు పంచుకునేటప్పుడు అన్నదమ్ములు గోడ గోడకీ పోట్లాడుకున్నారు గానీ, ఈ చెవుడు మాత్రం ఏ పేచీ లేకుండా చెరిసమానంగా వచ్చింది.

ఓడరేవు కేంద్రం చేతిలో ఉంది. ఒక్క చెవి బాగున్నా బండి నడిపే హక్కు ఉందంటుంది కేంద్రం చట్టం. అందుకని మరిది అక్కడ కంటైనర్ లారీ నడుపుతాడు. సిటీ బస్సులు రాష్ట్రానివి. డ్రైవరుకి రెండు చెవులూ వినపడి తీరాలంటుంది రాష్ట్రం చట్టం. అందుకని, తమ్ముడికి బండి నేర్పిన మా ఆయన డిపోలో బస్సులు కడుగుతాడు.

లారీ పేరెత్తితే చాలు, మా ఆయన ముఖం మాడిపోయేది. నేను మాత్రం తక్కువ తిన్నానా? "మా ఆయన నిద్రలో కూడా స్టీరింగ్ తిప్పుతాడక్కా" అని తోటికోడలు మురిసిపోతుంటే నాకు ఒళ్ళు మండిపోయేది. మా ఆయన నిద్రలో దగ్గుతాడు, ఆ తడిబట్టల్లో నాని నాని.

చివరికి కోర్టుకెక్కాం.

"మీ తమ్ముడు ఇన్నేళ్ళుగా ఒక్క ప్రమాదం లేకుండా నడుపుతున్నాడుగా. ఆయన్ని సాక్ష్యానికి తీసుకురండి" అంది వకీలమ్మ. మా ఆయన మొండికేశాడు.

"వాడి కాళ్ళు పట్టుకుని నేను డ్రైవర్ని కావాలా? జన్మంతా బస్సులు కడుక్కుంటాను గానీ వాణ్ణి అడగను."

నేనే వెళ్ళాను. అన్నం కలుపుతున్న మరిది చెయ్యి ఆపేశాడు.

"చిన్నప్పట్నుంచీ అన్నిట్లో అన్నయ్యే ముందు వదినా. ఈ లారీ ఒక్కటే నాకు దక్కింది. ఆయన బస్సెక్కితే మళ్ళీ నేను వెనకే కదా?"

"అయితే రాకు. మీ అన్నయ్య కడిగిన బస్సుల్లో హాయిగా తిరుగు" అనేసి వచ్చేశాను. దారి పొడుగునా ఏడుస్తూనే ఉన్నాను.

వాయిదా రోజున మరిది వచ్చాడు. అన్నయ్య వైపు చూడకుండా బోనెక్కాడు. "నాకు బండి నేర్పింది మా అన్నయ్యే. నాకన్నా బాగా తోలతాడు" అన్నాడు, పన్ను పీకించుకుంటున్నవాడిలా. రెండు చట్టాలూ ఢీకొన్నప్పుడు కేంద్రం చట్టమే చెల్లుతుందని, చెవి పేరు చెప్పి ఉద్యోగం కాదనకూడదని జడ్జిగారు తీర్పిచ్చారు.

మా ఆయన బస్సు తోలిన మొదటి రోజు నేనూ ఎక్కాను. ఓడరేవు దగ్గర మరిది ఎక్కాడు. అన్నయ్య గేరు మార్చే తీరుని రెప్ప వెయ్యకుండా చూశాడు. దిగేముందు, "ఎంత బాగా తోలుతున్నావురా అన్నయ్యా" అన్నాడు. ఎడమవైపు నుంచి అన్నాడు గనక మా ఆయనకి వినపడలేదు. నేనూ చెప్పలేదు.

సాయంత్రం మా ఆయన గాల్లో తేలుతూ వస్తాడనుకున్నాను. గుమ్మంలో చెప్పులు విడుస్తూనే అడిగాడు.

"వాడి లారీకి ఎన్ని చక్రాలుంటాయే?"