చాక్‌పీస్ బావ చేసిన ఆదివారం రిపేరు

ఆదివారమంటే నాకు నిద్ర. అంతకు మించి ఆ రోజు మీద నాకు ఆశల్లేవు. రొట్టెల ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ దిగి, ఏడింటికి ఇల్లు చేరి ఇంకా చెప్పులైనా విప్పలేదు, బావ ఫోన్ చేశాడు. కారు ముందు చక్రాల షాకబ్జార్లు మారుస్తున్నాను, వచ్చి ఓ చెయ్యి వెయ్యమన్నాడు. మెకానిక్ షెడ్డులో పడెయ్యరాదా అంటే, ఆదివారం షెడ్డు మూసేస్తారు, రేపు పొద్దున్నే కారు కావాలి అన్నాడు. ఎందుకు కావాలో ఇద్దరికీ తెలుసు కనక నోరు మూసుకుని వెళ్లాను.

అక్కకి వారానికి మూడుసార్లు డయాలసిస్. ఏడాదిన్నరగా బావే తీసుకెళ్లి తీసుకొస్తున్నాడు. పక్కన కూర్చుంటే మలుపు మలుపుకీ రోడ్డు వదిలేసి తన మొహంలోకి చూస్తాడని, ఆ జాలి చూపు పడలేనని అక్క మొదటి నెలలోనే వెనక సీట్లోకి మారిపోయింది. నిన్న శనివారం డయాలసిస్ రోజు, అసలు మంచమే దిగలేదు. ఆ కారు కుదుపులకి ఒళ్లు హూనమైపోతోంది, రానంటే రాను అని గోడవైపు తిరిగి పడుకుంది. ఆస్పత్రి నర్సు ఫోన్ చేసి, సోమవారం ఎనిమిదింటికి ఒక మంచం ఖాళీగా ఉంచుతాను, అదీ తప్పిస్తే ప్రాణం మీదికొస్తుంది అని చెప్పింది. నేను బతిమాలాను, తిట్టాను, ఏడ్చాను కూడా. బావ మాత్రం సాయంత్రం బజారుకెళ్లి కుదుపుల్ని ఆపే రెండు షాకబ్జార్లు కొనుక్కొచ్చాడు.

బావ బస్సు డిపోలో ముప్పై రెండేళ్లు ఫిట్టరు. ఏ బోల్టు విప్పాలన్నా ముందు దాని మీద సుద్దతో గీత పెట్టందే స్పానర్ ముట్టుకోడు. అందుకే డిపోలో అందరూ చాక్‌పీస్ అనేవారు. రిటైరైనా ఆ చాదస్తం పోలేదు. నేను వెళ్లేసరికి వాకిట్లో బానెట్ ఎత్తి, గీతలు గీస్తూ ఉన్నాడు. బడి పెట్టావా బావా అన్నాను. నవ్వలేదు. ముందు చొక్కాకున్న పిండి దులుపుకుని రమ్మన్నాడు.

జాకీతో కారు ఎత్తి, కింద స్టాండు పెట్టి, చక్రం ఊడదీశాం. షాకబ్జారుని పట్టి ఉంచే కింది బోల్టులు రెండూ తుప్పు పట్టి బిగుసుకుపోయాయి. నూనె పోసి, అవి దయతలిచేదాకా గంటసేపు వాటి ముందు చతికిలబడ్డాం. స్పానర్‌కి ఇనప పైపు తొడిగి ఇద్దరం వేలాడితే గానీ కదల్లేదు. నా అరచెయ్యి తోలు లేచిపోయింది. పాత షాకబ్జారు నూనె కారిపోయి ఉంది, నొక్కితే కిందికి దిగింది గానీ మళ్లీ పైకి లేవలేదు. ఆ పూటకి నా సంగతీ అంతే.

అసలు గండం షాకబ్జారు చుట్టూ ఉండే స్ప్రింగు. దాన్ని రెండు వైపులా క్లాంపులతో సమానంగా నొక్కిపెట్టకుండా పై నట్టు విప్పితే, ఎగిరొచ్చి మొహం పచ్చడి చేస్తుంది. బావ ఇటు నాలుగు తిప్పులు, అటు నాలుగు తిప్పులు, పైకి లెక్కపెడుతూ బిగించాడు. ఇలా ఇవ్వు, నేను తిప్పుతాను అన్నాను. ఇవ్వలేదు.

రెండో వైపు పూర్తయ్యేసరికి మూడు దాటింది. నాకు కళ్లు మూతలు పడుతున్నాయి. బావ ఒక్కడే కారెక్కి, వీధి చివరి గుంతల దాకా పోయి వచ్చాడు. దిగుతూనే పొద్దుట్నించీ మొదటిసారి నవ్వాడు.

"స్టీరింగ్ మీద కాస్త కూడా అదురు లేదు. ఇంక మీ అక్కకి వంక లేదు."

అక్క గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చునుంది. పాదాలు వాచిపోయి చెప్పులు పట్టడం లేదు. కారునీ, మా మసి చేతుల్నీ చూసింది.

"ఏమండీ, నేను కూర్చునేది వెనక కదా" అంది.

నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే వెలిగింది, మేం మార్చింది ముందువే. బావ ముప్పై రెండేళ్లపాటు డ్రైవర్లు కంప్లయింట్ పుస్తకంలో రాసింది చూసి బస్సులు బాగుచేసిన మనిషి. వెనక సీట్లో ఎవరి నడుం విరిగిందో ఆ పుస్తకంలో ఎవరూ రాయరు. ఇప్పుడూ తన చేతికి తగిలిన అదురునే బాగుచేశాడు. అక్కని అడగనే లేదు. అంత రెక్కలు ముక్కలు చేసుకున్న నాకూ తట్టలేదు.

బావ మెట్టు మీద కూలబడ్డాడు. అడగాల్సింది అన్నాడు. వెనక చక్రాలవి ఈ పూట ఎక్కడ దొరుకుతాయని నన్నే అడిగాడు. ఆదివారం కొట్లు కూడా మూసేస్తారు. బావ చేతిలో సుద్దముక్క నలిగి పొడి పొడి అయిపోయింది.

అక్క ఆ చేతుల వైపే చూసింది.

"కుదుపులు ఉత్త సాకేనండీ. విసుగొచ్చేసింది నాకు. ఆ సూదులూ, ఆ మంచమూ."

"తెలుసు" అన్నాడు బావ. "దాన్ని బాగుచెయ్యడం నాకు రాదు. నాకు వచ్చింది ఇదొక్కటే."

అక్క కుర్చీ చెయ్యి పట్టుకుని మెల్లగా లేచింది.

"రేపు ముందు సీట్లో కూర్చుంటాను. మీరు మాత్రం రోడ్డు చూసి నడపండి."

బావ లేచి వెళ్లి, ముందు సీట్లో పడేసిన స్పానర్లు ఒక్కొక్కటే తీసి కింద పెట్టాడు.